మూడేళ్ల తగ్గింపు

ఆ సినిమా టికెట్లు మా అమ్మాయి ఫోనులో కొని పంపింది. ఆదివారం ఉదయం ఆట, హైటెక్ సిటీలో ఓ మాల్ పై అంతస్తులో. ఫోను పెట్టేసే ముందు ఒక హెచ్చరిక కూడా చేసింది.

"అమ్మా, ప్లీజ్. పాప్‌కార్న్ దగ్గర బేరం మొదలెట్టకు. అక్కడ ఫిక్స్‌డ్ రేటు. పోయినసారి కౌంటర్‌లో ఆవిడ మేనేజర్‌ని పిలిచింది, గుర్తుందా?"

గుర్తుంది. ఆ మేనేజరు వచ్చి పెద్ద డబ్బాతోపాటు చిన్న డబ్బా ఊరికే ఇచ్చి పంపాడన్న సంగతి మాత్రం అమ్మాయి ఎవరికీ చెప్పదు.

మాది బట్టల కొట్టు. కోస్తాలో ఒక చిన్న ఊరి బజారులో తాతది, నాన్నది, బాబాయిలది అన్నీ వరుసగా కొట్లే. నేను మాటలు నేర్చుకున్నది గల్లా పెట్టె పక్కన. ఒక వస్తువును చూడగానే ముందు నాకు అందులో లోపమే కనిపిస్తుంది, ఎందుకంటే ధర తగ్గించేది లోపమే. మావారిది దీనికి పూర్తిగా ఎదురు. ఆయన తల్లీ తండ్రీ ఇద్దరూ బడిపంతుళ్లు. అడిగినంతా ఇచ్చి, పైగా అమ్మినవాడికి దండం పెట్టి వచ్చే కుటుంబం. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరు. కాగితం మీద ఉన్నది నిజమని నమ్ముతారు. ఈయనతో కూకట్‌పల్లి రైతు బజారుకు వెళ్లడమంటే నాకు శిక్ష. నేను కొత్తిమీర కట్ట మీద యుద్ధం చేస్తుంటే ఆయన వెనకనుంచి, "పాపం, ఇచ్చేయవే," అంటారు. అవతలివాళ్లకు అది చాలు.

సినిమా సంగతికి వస్తాను. అందులో అమ్మాయికీ అబ్బాయికీ పెళ్లినాటికి ఒకే వయసు. కానీ అతనికి ఏడేళ్లు గడిస్తే ఆమెకు ఒక్క ఏడే గడుస్తుంది. అది ఆమెకు చిన్నప్పుడే తెలుసు. అతనికి చెప్పకుండా పెళ్లి చేసుకుంటుంది. కొన్నాళ్లకు జనం అతన్ని ఆమెకు అన్న అంటారు, తర్వాత తండ్రి అంటారు, తర్వాత తాత అంటారు. అతని జుట్టు నెరుస్తుంటే ఆమె అలాగే జాజిపూవులా ఉంటుంది. ఎందుకిలా అంటే ఏదో ఒక శాపం, ఒక తోకచుక్క. నేను ఆ వివరాల్లోకి పోలేదు. ఈవిడ ఆధార్ కార్డులో ఏ వయసు రాయిస్తుంది, పింఛను ఎప్పుడు ఇస్తారు అన్న ఆలోచనలో పడ్డాను. నా పక్క సీట్లో మావారు చేతిరుమాలు తీశారు. ఆయన సినిమాల్లో ఏడుస్తారు. పెళ్లి చేసుకుంటే ఏడుస్తారు, విడిపోతే ఏడుస్తారు, కుక్క తప్పిపోయి దొరికినా ఏడుస్తారు.

విశ్రాంతిలో దీపాలు వెలిగాయి. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆవిడ చేసింది తప్పు," అన్నారు.

"ఏది?"

"తన సంగతి ముందే తెలుసు కదా. చెప్పాలి. వయసు దాచి పెళ్లి చేసుకోవడమేంటి? ఆ తర్వాత ఎంత ప్రేమ చూపించి ఏం లాభం? పునాదిలోనే సిమెంటు తక్కువ పడింది."

"చెబితే అతను చేసుకునేవాడంటారా?"

"చేసుకుంటాడో మానతాడో, అది అతనిష్టం. ఆ ఇష్టాన్ని ఈవిడ లాగేసుకుంది."

నా గొంతులో పాప్‌కార్న్ అడ్డం పడింది. ఆయన నా వీపు మీద తట్టి, నీళ్ల సీసా మూత తీసి ఇచ్చి, "నెమ్మదిగా తిను," అన్నారు. ఆ నీళ్లు తాగుతూ నేను లెక్క వేసుకున్నాను. ముప్పై ఐదేళ్ల కాపురం. ఆయనకు ఈ మార్గశిరంలో అరవై నిండుతాయి. కాగితాల ప్రకారం నాకు యాభై ఎనిమిది. అసలు లెక్కలో నాకు అరవై నిండి చాలా నెలలైంది. నిరుడు కార్తీకంలో, నాగుల చవితికి ముందు రోజు, నా అరవయ్యో పుట్టినరోజు నాడు ఎవరికీ చెప్పకుండా గుత్తి వంకాయ కూర చేసుకున్నాను. ఆయన రెండుసార్లు వడ్డించుకుని, "ఏమిటివాళ విశేషం?" అని అడిగారు. వంకాయలు లేతగా దొరికాయన్నాను.

ఇందులో నా తప్పు కొంతే. మిగతాది ఎలా వచ్చిందో చెప్పాలి.

నన్ను బడిలో వేసింది ఎనిమిదో ఏట. బడిలో మేష్టారు అందరు పిల్లలకూ ఒకే తారీకు రాసేవారు, జులై ఒకటి. ఆ ఏడు చేరినవాళ్లమందరం ఒకే రోజున పుట్టాం. ఒకటో తరగతి కాబట్టి ఐదేళ్లని రాశారు. నాన్న అడ్డు చెప్పలేదు. అలా మూడేళ్లు కాగితాల్లోంచి జారిపోయాయి. అంతవరకూ ఎవరూ అబద్ధమాడలేదు.

అసలు కథ పెళ్లిచూపుల నాడు. నాకు ఇరవై ఐదు దాటాయి. మావారికి ఇరవై నాలుగు. ఆడపిల్ల పెద్దదైతే మాట ముందుకు సాగదు. నాన్న సర్టిఫికెట్టులోని తారీకు పట్టుకుని, దానికి ఒక జాతకం రాయించి, "అమ్మాయికి ఇరవై రెండండి," అని చెప్పాడు. ఇది మోసమని ఆయన అనుకోలేదు. ఇక్కడే మా వాళ్ల బుర్ర ఎలా పనిచేస్తుందో మీకు తెలియాలి. మా బజారులో చెప్పే ధర వేరు, ఇచ్చే ధర వేరు. చెప్పే ధర మాట మొదలుపెట్టడానికి మాత్రమే. దాన్ని నిజమనుకునేవాడు మా లోకంలో పుట్టలేదు. పెళ్లి మాటల్లో చెప్పే వయసూ అలాంటిదే. అవతలివాళ్లు నవ్వి, "సరే, అసలు సంగతి చెప్పండి బావగారూ," అంటారు. అప్పుడు రెండు వైపులా కాస్త కాస్త కదిలి మధ్యలో ఎక్కడో కలుస్తారు. నాన్న ఇరవై రెండు అని చెప్పి, ఆ మాట కోసం కాచుకుని కూర్చున్నాడు. అడిగితే నిజం చెప్పేవాడు.

వాళ్లు అడగలేదు. బడిపంతుళ్లు కదా, చెప్పింది రాసుకున్నారు.

"అదేంటే, బేరమే ఆడలేదు!" అన్నాడు నాన్న ఆ సాయంత్రం మా అమ్మతో, నిజంగా కంగారుపడుతూ. "ఇప్పుడు నా అంతట నేను ఎలా మార్చను?"

అమ్మ, "వెళ్లి చెప్పేయండి," అంది. వంద గజాలు కూడా వెళ్లలేకపోయాడు. అడగనివాడి దగ్గరకు వెళ్లి ధర మార్చడం ఆయన వల్ల కాలేదు. అది సిగ్గు కాదు, చేతకానితనం. ఎడమచేత్తో అన్నం తినమంటే మనకెలా ఉంటుందో అలాంటిది. పెళ్లి జరిగిపోయింది. ఆ తర్వాత చెప్పే బాధ్యత నాకు వచ్చింది. నేను మా నాన్న కూతుర్ని. ఎవరైనా అడిగితే చెబుదామని కూర్చున్నాను. ముప్పై ఐదేళ్లు ఎవరూ అడగలేదు.

ఇంకొక చిక్కుంది. ఆ జులై ఒకటో తారీకుకు వచ్చిన నక్షత్రం రోహిణి. అది ఆయన నక్షత్రంతో ఎంత బాగా కుదిరిందంటే, ముప్పై ఆరు గుణాల్లో ఇరవై తొమ్మిది. "ఇలాంటి పొంతన నేను చూడలేదు," అన్నారట జాతకాలు చూసిన పురోహితుడు. ఆ కాగితాన్ని మావారు ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచారు. ఎనిమిదేళ్ల కింద ఆయనకు గుండెలో స్టెంట్లు వేశారు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లే ముందు నా చెయ్యి పట్టుకుని, "నీది రోహిణి, నాకేం కాదు," అన్నారు. నా అసలు నక్షత్రం మూల. అది విని అప్పుడు నేను తల ఊపాను. అంతకన్నా చెడ్డ పని నేను ఇంతవరకూ చేయలేదు.

గుళ్లలో నా పేరున చేయించిన అర్చనలన్నీ ఇన్నాళ్లూ రోహిణి నక్షత్రానికే వెళ్లాయి. ఎక్కడో నా పేరున్న రోహిణి జాతకురాలు ఒకావిడ ఎందుకొస్తోందో తెలియని సుఖంతో హాయిగా బతుకుతూ ఉండాలి.

సినిమా రెండో సగంలో ముసలాయనను ఆవిడ ఆస్పత్రికి తీసుకెళుతుంది. నర్సు "మీ తాతగారా?" అని అడిగితే, "మా ఆయన," అంటుంది. హాలంతా ముక్కులు చీదింది. నాకు మాత్రం ఆ పెద్దాయన మీద కోపం వచ్చింది. నిజం తెలిశాక కూడా ఆయన ఒక్క ప్రశ్న అడగడు. అంత పెద్ద మనసు సినిమాల్లో ఊరికే దొరుకుతుంది. బయటికొచ్చాక మావారు మెట్రో మెట్ల మీద నా మోచెయ్యి పట్టుకుని నడిచారు. ఆయనకు మోకాళ్ల నొప్పి. నాకు లేదు. "చూశావా, నువ్వు నాకన్నా చిన్నదానివి కాబట్టి బతికిపోయాను," అని నవ్వారు.

ఆ వారంలోనే పురోహితుడు ఫోను చేశారు. షష్టిపూర్తి ముహూర్తం పెట్టాలి, దంపతులిద్దరి జన్మ తారీకులు, పుట్టిన వేళలు కావాలి, శాంతి హోమాలకు నక్షత్రాలు సరిగ్గా ఉండాలి అన్నారు. మావారు స్పీకరులో పెట్టి, "మావి చాలా అరుదైన జాతకాలండీ, చూడండి మీరే," అని గొప్పగా చెబుతున్నారు. నేను కూరగాయలు తరుగుతున్నాను. ఆ హోమం చేసేది ఆయన ఆయుష్షు కోసం. నేను పెద్ద భక్తురాలిని కాదు. ఆ మంత్రాలు పనిచేస్తాయో లేదో నాకు తెలియదు. పనిచేయవని తేల్చుకోవడానికి ఆయన ప్రాణం పెట్టి చూడలేను కదా. తప్పు నక్షత్రంతో నేను ఆ పీట మీద కూర్చోకూడదు. నిజం చెబితే, "ఆ ఇష్టాన్ని లాగేసుకుంది" అన్న మాట నా మీద పడుతుంది. అది పడినా సరే అని బెండకాయలు అయ్యేలోపు నిర్ణయించుకున్నాను.

ఎలా చెప్పాలన్నదే మిగిలింది. నాకు తెలిసిన దారి ఒకటే.

శనివారం తెల్లాపూర్ బయలుదేరాం. మా అమ్మాయి ఉండే గేటెడ్ కమ్యూనిటీలో క్లబ్ హౌస్ హాలు చూడాలి. షష్టిపూర్తి అక్కడే. గచ్చిబౌలి దాటుతుంటే ట్రాఫిక్ ఆగిపోయింది. ఎడమవైపు గాజు మేడలు, ముందు రెండు ఆఫీసు బస్సులు. కారు దిగి వెళ్లిపోవడానికి ఆయనకు వీలులేని చోటు. అందుకే అక్కడ మొదలుపెట్టాను.

"ఏవండీ, ఆ జులై ఒకటో తారీకు ఉంది చూశారూ, అది మేష్టారు రాసింది. ఒక ఏడాది అటూ ఇటూ ఉండొచ్చు."

"మా ఆఫీసులో అందరివీ అంతే," అన్నారు గేరు మారుస్తూ. "ఏడాదికేముంది."

సులువుగా పోయింది. ధైర్యం వచ్చింది. "ఏడాదంటే, రెండేళ్లు అనుకోండి."

ఆయన నావైపు చూశారు. "అనుకోవడమేంటి? ఒకటా, రెండా?"

"రెండున్నర."

"ఏమిటిది, బేరమా?" వెనక కారు హారన్ కొట్టింది. ముందు బస్సు కదిలి పదడుగులు వెళ్లింది. ఆయన కదల్లేదు. "నేను ఒక్కసారే అడుగుతున్నాను. ఎంత?"

ముప్పై ఐదేళ్లుగా నాకు కావలసిన ప్రశ్న అది. "దగ్గర దగ్గర మూడు," అన్నాను. "మీకన్నా ఏడాది పెద్ద. పోయిన కార్తీకంలో అరవై నిండాయి. నక్షత్రం రోహిణి కాదు, మూల. మా నాన్నకు తెలుసు, అమ్మకు తెలుసు, నాకూ తెలుసు."

ఆయన కారు ముందుకు పోనిచ్చారు. రేడియోలో ఎవరో అపార్ట్‌మెంట్లు అమ్ముతున్నారు. తెల్లాపూర్ వరకు ఆయన దాన్ని కట్టేయలేదు.

హాలు దగ్గర పూల అలంకరణ చేసే అతను మా కోసం చూస్తున్నాడు. నిజాంపేటలో షాపు, నాతో పాత పరిచయం. అమ్మాయి పెళ్లికి ఇతన్నే నేను మూడు రోజులు తిప్పాను. అతను ముందే ఎదురుదెబ్బకు తయారై వచ్చినట్టు ఊపిరి బిగించి, బంతిపూల తోరణాలకూ, వేదికకూ కలిపి ఒక ధర చెప్పాడు. అది ఎంత ఎక్కువో మాకిద్దరికీ తెలుసు.

"సరే," అన్నాను.

అతను అర్థంకానట్టు చూశాడు. "గదేందమ్మా? గిట్ల సరే అంటే ఎట్ల? మీరు సగం అనాలె, నేను వద్దనాలె."

"సరే అంటున్నాను కదా."

"తబియత్ మంచిగున్నదా అమ్మా? సార్, అమ్మకి ఏమైంది సార్? జర కూసోబెట్టుండ్రి." అతను నిజంగా పరేషాన్ అయి కుర్చీ లాగాడు. తర్వాత తనంతట తనే, "ఇగ మీరు గిట్ల అంటే నాకు మంచిగనిపిస్తలేదు, రెండు వేలు తక్కువ ఇయ్యుండ్రి," అన్నాడు. ఆ తగ్గింపు సంపాదించడానికి నేనేమీ చేయలేదు. బతుకులో అదొక్కటే అలాంటిది.

మావారు అదంతా కొంచెం దూరంలో నిలబడి చూశారు.

ఇంటికొచ్చాక మొదలైంది. మర్నాడు పొద్దున్న వంటింటి గుమ్మంలో నిలబడి, "కాఫీ ఇస్తారా అండీ?" అన్నారు.

ఎవరినో అనుకుని వెనక్కి చూశాను. ఇంట్లో మేమిద్దరమే.

"ఏమిటా మాట?"

"పెద్దవారు కదా. ఇన్నాళ్లూ తెలియక నువ్వు అన్నాను. క్షమించండి."

మూడు రోజులు అదే వరస. "పేపరు చదివారా?" "స్నానానికి నీళ్లు పెట్టుకున్నారా?" కూర ఎలా ఉందంటే, "మీరు చేస్తే బాగుండకపోవడమేంటండీ," అంటారు. అరవడం ఆయనకు చేతకాదు. కేకలేసి ఉంటే నేను కూడా రెండు కేకలేసి గెలిచేదాన్ని. ఆ 'అండీ'తో బేరమాడటం నాకు రాదు. మధ్యలో అమ్మాయి ఫోను చేసి, "అమ్మా, నాన్న నిన్ను మీరు అంటున్నాడేంటి? ఏదైనా రీల్ చూశాడా?" అని నవ్వింది. నేను నవ్వలేదని దానికి వెంటనే తెలిసింది. "ఏం చేశావమ్మా?" అంది. అల్లుడికి తెలియనివ్వద్దని చెప్పి, మొత్తం చెప్పాను. "నాన్న ఏమన్నా పడతాను అనుకో," అంది. "తగ్గించమని అడక్కు."

అది మాత్రం నేనూ అనుకున్నదే. మూడో రోజు మధ్యాహ్నం ఆయన బీరువాలోంచి ఆ ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. నేను వెళ్లి ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

"ఆరోజు ఆస్పత్రిలో," అన్నారు, కవరు మీద వేలు పెట్టి, "నీది రోహిణి అన్నాను. నువ్వు తల ఊపావు."

మళ్లీ 'నువ్వు' అన్నారని గమనించాను. కానీ ఆ మాటకు అది ఊరట కాదు.

"ఊపాను," అన్నాను. "అప్పుడు నిజం చెబితే మీకేమవుతుందోనని భయమేసింది. అది సాకు కాదు. దానికి ముందు చాలా ఏళ్లు ఏ భయం లేకుండా కూడా చెప్పలేదు. అడిగేదాకా చెప్పకపోవడం మా ఇంట్లో తెలివి. మీ ఇంట్లో అది అబద్ధం. నాకు ఆ సంగతి మీ ఇంటికొచ్చిన ఏడాదిలోనే తెలిసింది."

"తెలిసి?"

"తెలిసీ ఊరుకున్నాను. మీరు వద్దంటారేమోనని. మొదట్లో పెళ్లి పోతుందని. తర్వాత మీరు పోతారని."

ఆయన కిటికీ వైపు తిరిగారు. కింద ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక కిక్కు కొడుతున్నారు. "వద్దనేవాణ్ణేమో," అన్నారు. "మా అమ్మ ఒప్పుకునేది కాదు. నేను ఆవిణ్ణి ఎదిరించేవాణ్ణి కాదు. అది నిజం. నిజమైనా, నన్నడగాల్సింది."

"అడగాల్సింది," అన్నాను. దానికి ముందూ వెనకా ఏమీ చేర్చలేదు. అంత పొట్టి మాటతో ఏ వాదనా ముగించిన అలవాటు నాకు లేదు.

ఆయన పురోహితుడికి ఫోను చేశారు. నన్ను లేవనివ్వలేదు, స్పీకరు పెట్టారు. తిథి నేనే చెప్పాను, కార్తీక శుద్ధ తదియ, పొద్దున్న పాలు పోసే వేళ. అవతల పంతులుగారు కంప్యూటరులో కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

"మూల అండీ," అన్నారు గొంతు తగ్గించి. "ఇది... ఎవరి జాతకమండీ?"

"మా ఆవిడది."

"మరి ముందు రోహిణి అన్నారు?"

"అది పొరపాటు. ఇది సరైంది."

మళ్లీ చప్పుడు. "ఇంజనీరు గారూ, చెప్పక తప్పదు. పొంతన పదకొండే వస్తోంది. పైగా మూల. మామగారికి గండం. ఈ రెండు జాతకాలకూ పెళ్లి చేయకూడదండీ అసలు."

నేను బల్ల అంచు పట్టుకున్నాను. మావారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మా నాన్నగారు తొంభై ఒకటో ఏట పోయారు పంతులుగారూ. ముందురోజు పెసరట్లు తిన్నారు. ఆ గండం దారిలో ఎక్కడో ఆగి వచ్చినట్టుంది."

"అది కాదండీ, శాస్త్రం..."

"శాస్త్రం పదకొండు అంటుంది. ముప్పై ఐదేళ్ల కాపురం ఉంది, గుండెకు స్టెంట్లు పడ్డాక కూడా నేను బతికున్నాను, పిల్ల ఉంది. వీటికి ఎన్ని వేస్తారు?"

"అలా వేయడానికి లేదండీ..."

"సరే, పదకొండుకు దోషం పోవడానికి ఏం చేయాలంటారు?"

"మూల శాంతి, గ్రహశాంతి, విడిగా పెద్ద హోమం. రెండు రోజులు. నలుగురు బ్రాహ్మణులు."

"రెండు రోజులు కుదరదు. ఒక పూట. ఇద్దరు చాలు. షష్టిపూర్తితోపాటే."

నేను ఆయన మొహం చూస్తూ ఉండిపోయాను. అడిగినదంతా ఇచ్చి దండం పెట్టే మనిషి. చెవులు ఎర్రబడ్డాయి, బేరం చాలా తప్పుగా ఆడుతున్నారు. మొదటి మాటలోనే సగానికి దిగారు. అలా దిగితే అవతలివాడికి అనుమానం వస్తుంది. ముందు కొంచెం నిరాసక్తంగా ఉండాలి, ఫోను పెట్టేస్తానని అనాలి. నేను చేత్తో సైగ చేశాను. ఆయన నన్ను పట్టించుకోలేదు.

"ముగ్గురు, ఒక పూట," అన్నారు పంతులుగారు చివరికి.

"ముగ్గురు," ఒప్పుకున్నారు ఆయన. "ఇంకొకటి. సంకల్పంలో మూల అనే చెప్పాలి. గట్టిగా చెప్పాలి. చుట్టాలందరూ వినాలి."

ఫోను పెట్టాక నేను, "ముగ్గురెందుకండీ, ఇద్దరికి దిగేవాడే," అన్నాను.

"నువ్వు మాట్లాడకు," అన్నారు. ఆ మాటలో కోపం పూర్తిగా పోలేదు. అది ఆ రోజుతో పోయేదీ కాదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఏదో రసీదు చూపిస్తే, "ఇది చెప్పిన ధరా, ఇచ్చిన ధరా?" అంటారు. నేను పడతాను. పాత కాగితాన్ని ఆయన చింపలేదు. కవరులోంచి తీసి, వెనక ఖాళీ వైపు పైకి వచ్చేలా బల్ల మీద పరిచి పెన్ను తీసుకున్నారు. ఇంజనీరు కదా, ఏదైనా గీత గీయనిదే అర్థం కాదు. ఒక అడ్డగీత గీసి, దాని మీద ఐదు అని ఒక చోట, ఎనిమిది అని ఇంకొక చోట రాశారు.

"ఈ మధ్యలో ఏం చేశావు?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"నీ చిన్నతనం గురించి ఎప్పుడు చెప్పినా ఒకటో తరగతితో మొదలుపెడతావు. దానికి ముందు మాట ఒక్కటి కూడా ఇన్నాళ్లలో విన్లేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఈ మూడేళ్లు నాకు తెలియని మనిషివి నువ్వు. చెప్పు."

నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చెబితే వయసు బయటపడుతుందని ఆ ముక్క మొత్తం కత్తిరించి పెట్టేశాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, అమ్మకు జబ్బు చేసి పుట్టింటికి వెళ్లిందని చెప్పాను. నన్ను చూసేవాళ్లు లేక నాన్న కొట్టుకు తీసుకెళ్లి తానుల మధ్య కూర్చోబెట్టుకునేవాడని, మధ్యాహ్నం తెల్ల మల్లు తాను మీద నిద్రపోయేదాన్నని, అమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే నాన్న గజం కర్ర చేతికిచ్చి, "ఇదిగో, ఈ బజారంతా కొలిచి రా, వచ్చేస్తుంది," అనేవాడని చెప్పాను.

"కొలిచావా?"

"రోజూ. గుడి దాకా వెళ్లి వచ్చేదాన్ని."

"ఎన్ని గజాలు?"

"గుర్తులేదు. ప్రతిరోజూ వేరే లెక్క వచ్చేది."

ఆయన ఆ గీత మీద ఒక చిన్న కర్ర బొమ్మ వేశారు. ఐదుకు కొంచెం ముందు ఇంకొక చుక్క పెట్టి, "ఇక్కడ నేను. మా ఊళ్లో. నీకు ఐదైతే నాకు నాలుగు," అన్నారు. చేతిరుమాలు కోసం జేబు తడుముకున్నారు. దొరక్క నా కొంగు అందుకున్నారు.

"ఇంకా చెప్పు," అన్నారు. "అమ్మ ఎప్పుడు వచ్చింది?"